పువ్వు చెప్పే ఇంటిపేరు



పూలమొక్కల కుటుంబాల గురించి, వాటి లక్షణాలను ఒకదానితో ఒకటి పోల్చి చూసే పద్ధతి గురించి ఈనాటి ప్రసంగంలో చెప్పుకుందాం. ఇది కాలేజీ పిల్లల పాఠం కదా, మనకెందుకు అని రేడియో కట్టేయకండి. బామ్ని, బల్లార్‌పూర్, రాజురా వంటి చోట్ల ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, అడవి పక్క పల్లెల్లో గోండి వినిపిస్తాయి. ఇలాంటి చోట ఉండేవాళ్లకు ఈ పాఠం మిగతావాళ్లకంటే ఎక్కువ అవసరం. ఆ అవసరం ఏమిటో ముందు చెబుతాను.

1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా రాజురా తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. ఆ ఏడాది నాందేడ్ జిల్లాలో కలిసింది. 1959లో అప్పటి చాందా, అంటే ఇప్పటి చంద్రపూర్ జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారింది, కచేరీలో దరఖాస్తు రాసే భాష మారింది. వార్ధా నది ఒడ్డున ఉన్న మోదుగ చెట్టు మాత్రం ఎక్కడిది అక్కడే ఉంది. మనం మోదుగ అంటాం, పక్కింటివారు పళస్ అంటారు. ఎవరు ఏ పేరుతో పిలిచినా హోలీ నాటికి అదే రంగు పూలు పూస్తుంది.

ఒకే చెట్టుకు రెండు పేర్లు ఉంటే చిక్కేమీ లేదు. ఇప్ప అంటే మోహ్, తునికి అంటే తేందూ, రేల అంటే బహావా, తంగేడు అంటే తర్వడ్. నాలుగు రోజులు కలిసి తిరిగితే ఈ జతలు ఎవరికైనా వచ్చేస్తాయి. ఒకే పేరు రెండు వేర్వేరు మొక్కలకు పడినప్పుడే అసలు చిక్కు.

ఉదాహరణకు, మనం నిమ్మ అంటే పులుపు కాయ. మన విదర్భ మరాఠీలో కడునింబ్ అంటే వేప. ఉగాదికి మనం పచ్చడిలో వేపపువ్వు వేసుకుంటాం, అదే రోజున గుడి పాడ్వా చేసుకునేవారు కడునింబ్ ఆకు తింటారు. చెట్టు ఒకటే, పండుగా ఒకటే. కానీ పేరు మాత్రం వింటే నిమ్మలాగే ఉంటుంది. ఇది నవ్వుకుని వదిలేసే పొరపాటు. ఎందుకంటే చేదుకూ పులుపుకూ తేడా నాలుకే చెబుతుంది. నాలుక చెప్పలేని తేడాలు కూడా ఉన్నాయి. వాటితోనే ప్రాణభయం.

చేలగట్ల మీద, రోడ్డు పక్కన, ఇటుకబట్టీల చుట్టూ ఒక ముళ్ల మొక్క చలికాలంలో పెరుగుతుంది. ఆకుల మీద తెల్లని చారలు ఉంటాయి. ఆకు అంచుల నిండా ముళ్లు. పసుపుపచ్చని పువ్వు. కాడ తుంచితే పచ్చని పాలు కారతాయి. తెలుగులో దీన్ని బలురక్కసి అంటారు, బ్రహ్మదండి అని కూడా అంటారు. మరాఠీలో పివళా ధోత్రా, అంటే పచ్చ ఉమ్మెత్త. ఇప్పుడు చూడండి. మరాఠీలో బ్రహ్మదండి అనే పేరు మరో మొక్కకు ఉంది. అది వేరే ముళ్ల మొక్క, నాటువైద్యంలో వాడతారు. ఒక తెలుగు ఇంటి పెద్ద మరాఠీ వైద్యుడి నోట బ్రహ్మదండి అనే మాట విని, తనకు తెలిసిన బ్రహ్మదండిని పీకి తెచ్చి నూరితే ఏమవుతుంది? ఇద్దరూ ఒకే మాట అన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు. కాని వచ్చిన మొక్క మాత్రం వేరు.

బలురక్కసి గింజ ఎంత పని చేయగలదో దేశమంతా ఒకసారి చూసింది. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బలురక్కసి నూనె కలవడం వల్ల వేలమందికి కాళ్లు వాచి, ఊపిరి ఆడక, గుండె బలహీనమై జబ్బు చేసింది. అరవై మందికి పైగా చనిపోయారు. ఈ గింజలు నల్లగా, గుండ్రంగా, చూడటానికి ఆవాలలాగే ఉంటాయి. రబీలో ఆవచేను కోతకు వచ్చే రోజుల్లోనే ఈ కలుపుమొక్క కాయలూ పండుతాయి. కల్తీ చేసేవాడికే కాదు, అజాగ్రత్తకు కూడా ఈ పోలిక బాగా కలిసివస్తుంది.

మరి పేరు నమ్మదగినది కాదు, గింజ ఒకేలా ఉంది. ఇక దేన్ని నమ్మాలి? దీనికి వృక్షశాస్త్రం ఇచ్చే జవాబు ఒక్కటే. పువ్వును విప్పి చూడండి.

ఆకు నమ్మకమైన సాక్షి కాదు. నీళ్లు దొరికితే పెద్దదవుతుంది, ఎండలో చిన్నదవుతుంది, మేక కొరికితే కొత్త రూపం తెచ్చుకుంటుంది. పువ్వులోని భాగాల సంఖ్య, అవి విడిగా ఉన్నాయా కలిసి ఉన్నాయా అనే అమరిక మాత్రం తరతరాలుగా అంత తేలికగా మారదు. అందుకే శాస్త్రజ్ఞులు మొక్కలను కుటుంబాలుగా విడదీసేటప్పుడు పువ్వుకు పెద్దపీట వేశారు. మన కాలేజీ పుస్తకాల్లో చాలాకాలం పాటించిన బెంథామ్, హుకర్ వర్గీకరణ 1862 నుంచి 1883 వరకు సంపుటాలుగా వెలువడింది. దానికీ పువ్వే ప్రధానమైన ఆధారం.

మనుషులకు ఇంటిపేరు ఉన్నట్టే మొక్కలకు కుటుంబం. తెలుగు పుస్తకంలో కుటుంబం అంటారు, మరాఠీ పుస్తకంలో కుల్ అంటారు. పువ్వును బయటినుంచి లోపలికి నాలుగు వలయాలుగా చూడాలి. మొదటిది పచ్చని రక్షక పత్రాలు, మరాఠీలో నిదలపుంజ్. రెండోది రంగుల ఆకర్షక పత్రాలు, దలపుంజ్. మూడోది పుప్పొడి ఉండే కేసరాలు, పుమంగ్. మధ్యలో కాయగా మారే అండకోశం, జాయాంగ్. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో మరాఠీ చదివే పిల్లలు ఈ రెండు వరుసలూ పక్కపక్కన రాసుకుంటే సగం పాఠం వచ్చినట్టే.

ఇప్పుడు మనకు తెలిసిన కుటుంబాలనే తీసుకుని పోల్చి చూద్దాం.

మొదట పత్తిచేనుకు వెళదాం. పత్తి పువ్వు, బెండ పువ్వు, గోగు పువ్వు, పెరటి మందారం, ఈ నాలుగూ పక్కపక్కన పెట్టండి. గోగు అంటే మరాఠీవారి అంబాడీ. రంగులు వేరు, పరిమాణం వేరు. కాని అన్నింటిలోనూ ఐదు ఆకర్షక పత్రాలు, మొగ్గలో ఒకదానిమీద ఒకటి మెలితిరిగి ఉంటాయి. అన్నింటిలోనూ కేసరాల కాడలన్నీ కలిసి ఒకే గొట్టంలా తయారై, ఆ గొట్టంలోంచి అండకోశపు కీలం బయటికి వస్తుంది. మందారంలో ఈ గొట్టం పొడుగ్గా వేలాడుతుంది, పత్తిలో పొట్టిగా లోపలే ఉంటుంది. రక్షక పత్రాల కింద మరో అదనపు వరుస కూడా ఉంటుంది. పత్తిలో అదే మూడు పెద్ద ఆకుల్లా కాయను పట్టుకుని కనిపిస్తుంది. కేసరాలన్నీ ఒకే గొట్టం అనే గుర్తు కనబడితే మాల్వేసి కుటుంబం గుర్తుకు రావాలి. ఈ ఇంటివారి ఆకు, కాయ నలిపితే జిగురు వస్తుంది. బెండకాయ కోసినవారికి ఇది చెప్పనక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. వేపపువ్వులో కూడా కేసరాలు కలిసి చిన్న గొట్టంగా ఉంటాయి. భూతద్దం పెడితే దాని లోపలి అంచున పది పుప్పొడి తిత్తులు లెక్కపెట్టవచ్చు. పత్తిలో మాత్రం అవి లెక్కకు మించి ఉంటాయి. వేప మెలియేసి కుటుంబానికి చెందినది. కాబట్టి ఒక్క గుర్తు చూసి ఇంటిపేరు తేల్చకూడదు. రెండు మూడు గుర్తులు కలవాలి. ఇందాకటి నిమ్మ సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. నిమ్మపువ్వులో ఇరవైకి తక్కువ కాకుండా కేసరాలు చిన్న చిన్న గుంపులుగా నిలబడతాయి, ఆకును వెలుతురుకు పట్టి చూస్తే నూనె చుక్కలు మెరుస్తాయి. అది రూటేసి కుటుంబం.

ఇక కందిచేను. కంది, శనగ, పెసర, చిక్కుడు, వేరుశనగ పూలు సీతాకోకచిలుకలా ఉంటాయి. ఐదు ఆకర్షక పత్రాల్లో వెనక ఒకటి పెద్దది, దాన్ని ధ్వజం అంటారు. పక్కన రెండు రెక్కలు. ముందు రెండూ కలిసి పడవలా ఉంటాయి, ద్రోణి అంటారు. పడవను మెల్లగా విప్పితే పది కేసరాలు. చాలావాటిలో తొమ్మిది కలిసి, ఒకటి విడిగా ఉంటుంది. ఇప్పుడు ఒక మోదుగ పువ్వు తెచ్చి ఇలాగే విప్పండి. అదే ధ్వజం, అవే రెక్కలు, అదే పడవ, అదే తొమ్మిదీ ఒకటీ. అడవిలో నిలబడిన అంత చెట్టుకూ మోకాలెత్తు శనగమొక్కకూ ఇంటిపేరు ఒకటే, ఫాబేసి. ఎత్తు, లావు, అడవి, చేను అనేవి బంధుత్వానికి గుర్తులు కావని మోదుగ కంటే బాగా చెప్పే చెట్టు మన దగ్గర లేదు.

మూడోది కూరగాయల మడి. వంగ, టమాటా, మిరప, బంగాళాదుంప. వీటి ఐదు ఆకర్షక పత్రాలూ అడుగున కలిసిపోయి ఒకే ముక్కగా ఉంటాయి. పువ్వు లాగితే ముక్కలుగా కాక మొత్తంగా ఊడివస్తుంది. కేసరాలు ఐదు, అవి ఆ ముక్కకే లోపల అంటుకుని ఉంటాయి. కాయ కాసినా రక్షక పత్రాలు రాలవు. వంకాయ నెత్తిన టోపీ అదే, టమాటా మీద పచ్చని నక్షత్రమూ అదే. ఇది సొలనేసి కుటుంబం. పొగాకు ఈ ఇంటిదే, ఉమ్మెత్తా ఈ ఇంటిదే. ఉమ్మెత్త పువ్వు పొడవాటి గరాటులా ఉన్నా కలిసిన ఐదు రేకులే, ఐదు కేసరాలే. ముళ్లకాయ కింద రక్షక పత్రాల అడుగు భాగం గిన్నె అంచులా మిగిలి ఉంటుంది.

ఇప్పుడు మన అసలు ప్రశ్నకు వద్దాం. పివళా ధోత్రా నిజంగా ధోత్రాయేనా? బలురక్కసి మొగ్గను చూడండి. రక్షక పత్రాలు సాధారణంగా మూడు, ప్రతిదానికీ చివర చిన్న కొమ్ము. పువ్వు విచ్చుకోగానే అవి రాలిపోతాయి. ఉమ్మెత్తలో రక్షక పత్రాలు కలిసి గొట్టంగా ఉంటాయి, అడుగు భాగం కాయతో మిగులుతుంది. బలురక్కసి పసుపు రేకులు సాధారణంగా ఆరు, ఒక్కొక్కటీ విడిగా రాలుతుంది. ఉమ్మెత్తలో ఐదూ కలిసి ఒకే గరాటు. బలురక్కసి కేసరాలు బోలెడు. ఉమ్మెత్తకు ఐదే. బలురక్కసి కాడ తుంచితే పచ్చని పాలు. ఉమ్మెత్తకు పాలే లేవు. రెండింటికీ కలిసింది ఒక్క ముళ్లకాయ మాత్రమే. పేరు పెట్టినవారు కాయను చూశారు, పువ్వును చూడలేదు. బలురక్కసి ఇంటిపేరు పపావరేసి, అంటే గసగసాల కుటుంబం. మెక్సికో వైపునుంచి వచ్చి మన చేలగట్ల మీద స్థిరపడింది.

అలాగని రంగుపేర్లన్నీ తప్పు అనుకోకూడదు. పచ్చ గన్నేరును మరాఠీలో పివళీ కణ్హేర్ అంటారు. అది నిజంగానే గన్నేరు బంధువే. రెండింట్లోనూ రేకులు గాలిమరలా ఒకే వైపు మెలితిరిగి ఉంటాయి, తుంచితే పాలు కారతాయి. రెండూ అపోసైనేసి కుటుంబం, రెండూ గుండెకు విషం. ఒక పచ్చ పేరు నిజం చెప్పింది, ఇంకొక పచ్చ పేరు తప్పుదారి పట్టించింది. పేరును మాత్రమే పట్టుకున్నవాడికి ఈ రెండింటికీ తేడా తెలిసే మార్గం లేదు.

అలాగే ఆవపువ్వును కూడా చూడండి. నాలుగు రేకులు కూడలిలో దారుల్లా ఎదురెదురుగా ఉంటాయి. కేసరాలు ఆరు, నాలుగు పొడుగు, రెండు పొట్టి. కాయ సన్నగా పొడవుగా ఉంటుంది. ఇది బ్రాసికేసి కుటుంబం. చేనులో పువ్వు ఉండగా బలురక్కసినీ ఆవనూ చిన్నపిల్లవాడు కూడా విడదీస్తాడు. గింజ బస్తాలోకి చేరాక మాత్రం పెద్దవాళ్లకీ కష్టమే. బలురక్కసి గింజ పైన వలలాంటి గరుకు ఉంటుంది కాని, అది కనబడాలంటే భూతద్దం కావాలి. కాబట్టి ఏరివేత చేనులోనే, కాయ ఎండకముందే జరగాలి.

మరాఠీ బ్రహ్మదండి సంగతి కూడా తేల్చేద్దాం. దానిలో మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి ఎన్నో చిన్న పూల గుత్తి. బంతి, చామంతి, పొద్దుతిరుగుడు, మన ప్రాంతపు రైతులు రబీలో వేసే కుసుమ, అన్నీ ఇంతే. ఇది ఆస్టరేసి కుటుంబం. పొలాల్లో పెరిగి ఒళ్లు దురదపెట్టే వయ్యారిభామ కూడా ఈ ఇంటి మొక్కే. తెలుగు బ్రహ్మదండిది ఒకే పెద్ద పువ్వు, పచ్చని పాలు. మరాఠీ బ్రహ్మదండిది పూలగుత్తి, పచ్చని పాలు లేవు. ఈ రెండు మాటలు గుర్తుంటే చాలు, మందు నూరే రోటి దగ్గర ప్రమాదం తప్పుతుంది.

ఇంతవరకు కుటుంబం మనకు ఏమి చెబుతుందో చూశాం. అది ఏమి చెప్పదో కూడా తెలుసుకోవాలి. కుటుంబం బంధుత్వం చెబుతుంది, మంచితనం చెప్పదు. వంకాయ తింటాం కదా అని ఉమ్మెత్త తినం. బిళ్ల గన్నేరు నుంచి క్యాన్సర్ మందులు తీస్తారు కదా అని గన్నేరు ఆకు నమలం.

దీనికి ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. వానాకాలం మొదట్లో మన పల్లెల్లో తరోటా లేతాకు కూర వండుకుంటారు. తెలుగులో తగిరిస అంటారు. దాని పక్కనే, దాదాపు అదే రూపంలో కసివింద మొలుస్తుంది. రెండూ ఫాబేసి కుటుంబమే, అందులోనూ తంగేడుకు దగ్గరివి. రెండింటికీ పచ్చని ఐదు రేకుల పూలే. ఇక్కడ ఇంటిపేరు చాలదు, మనిషిని గుర్తుపట్టాలి. తగిరిసకు సాధారణంగా మూడు జతల చిట్టి ఆకులు, చివర గుండ్రంగా ఉంటాయి. కాయ సన్నగా, పొడవుగా, కొడవలిలా వంగి ఉంటుంది. కసివిందకు నాలుగైదు జతలు, చివర మొనతేలి ఉంటాయి. నలిపితే చెడువాసన. కాయ చదునుగా ఉంటుంది. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఏటేటా చిన్నపిల్లలను బలిగొన్న ఒక జబ్బుకు కసివింద గింజలతో సంబంధం ఉందని 2007లో ప్రచురించిన వైద్య పరిశోధన చూపింది. 2016లో ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాలో పిల్లల మరణాలు జరిగినప్పుడు కూడా నిపుణులు ఈ మొక్కను ఒక కారణంగా పేర్కొన్నారు. ఆడుకుంటూ పచ్చికాయ వలిచి తినే వయసు పిల్లలకు ఈ తేడా చెప్పవలసింది మనమే.

పుస్తకాలు కూడా తమను తాము దిద్దుకుంటాయని ఇక్కడ చెప్పాలి. మన అడవులకు పేరు తెచ్చిన టేకును పాత పుస్తకాలు వెర్బినేసిలో పెట్టాయి. 1998 నుంచి జన్యువుల పోలిక ఆధారంగా ప్రపంచ శాస్త్రజ్ఞులు కుటుంబాలను కొత్తగా సరిచూశారు. ఇప్పుడు టేకు తులసి ఉండే లామియేసి కుటుంబంలో ఉంది. టేకు లేత కొమ్మను, తులసి కాడను వేళ్ల మధ్య దొర్లించి చూడండి. రెండూ నలుపలకలుగా ఉంటాయి. రెండింటికీ ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. బూరుగ చెట్టు కూడా పత్తి కుటుంబంలోకే చేరింది. కాయ పగిలితే దూది ఎగరడం చూసిన మన పెద్దలకు ఇది ఆశ్చర్యం కాకపోవచ్చు. జిల్లేడు ఇప్పుడు గన్నేరు ఇంటిదే. పిల్లల పాత గైడులో ఒకటి, కొత్త పుస్తకంలో ఒకటి ఉంటే కంగారుపడవద్దు. కొత్త పుస్తకాన్నే పాటించండి.

ఇక వెదురు సంగతి. బల్లార్‌పూర్ కాగితపు మిల్లు పుణ్యమా అని మన ఊళ్లవారు వెదురు లోడు లారీలను దశాబ్దాల పాటు చూశారు. అంత ఎత్తు వెదురు నిజానికి గడ్డి. వరి, జొన్న ఉన్న పోయేసి కుటుంబమే. రేకులు లేని చిన్న పువ్వు. వరిపువ్వులో ఆరు కేసరాలు, మన అడవి వెదురులోనూ ఆరు, జొన్నలో మూడు. వెదురు పూత దశాబ్దాలకు ఒకసారి వస్తుంది. అప్పుడు రాలిన గింజలను వెదురు బియ్యం అని వండుకున్న పెద్దలు, శాస్త్రం చదవకపోయినా దాని ఇంటిపేరు సరిగ్గానే పట్టుకున్నారు.

ఈ విద్యకు ప్రయోగశాల అక్కర్లేదు. ఒక పాత బ్లేడు, ఒక భూతద్దం, ఒక తెల్లకాగితం చాలు. పువ్వును నిలువుగా కోసి నాలుగు వలయాలనూ కాగితం మీద వరుసగా పెట్టి లెక్క రాయండి. ఉమ్మెత్త, జిల్లేడు, గన్నేరు ముట్టుకున్న చేతితో కళ్లు నలపకూడదు, చేతులు సబ్బుతో కడగాలి. చిన్నపిల్లలను ఇలాంటి మొక్కలకు దూరంగా ఉంచండి. బల్లార్‌పూర్ దగ్గర విసాపూర్‌లో వృక్షోద్యానం ఉంది. వీలైతే పిల్లలను అక్కడికి తీసుకువెళ్లండి.

ప్రతి బడిలో ఒక నోటుబుక్కు పెట్టుకోవాలని నా సూచన. ఒక వరుసలో తెలుగు పేరు, ఒక వరుసలో మరాఠీ పేరు, ఒక వరుసలో గోండి పేరు, నాలుగో వరుసలో పువ్వు లెక్క. మొదటి మూడు వరుసలు ఊళ్లోని పెద్దవాళ్లను అడిగి రాయాలి, నాలుగోది పిల్లలే విప్పి చూసి రాయాలి. మూడు పేర్లకూ పువ్వు లెక్క ఒకటే అయితే అవి ఒకే కుటుంబానివి కావచ్చు, ఒకే మొక్క అని మాత్రం అంతటితో తేల్చకూడదు. లెక్క తేడా వస్తే, ఆ పేరు దగ్గర ఎర్రసిరాతో గీత గీయండి.

ఇంట్లో ఎవరైనా మొక్క మందు వాడుతుంటే పేరు విని తేవద్దు. పువ్వుతో, కాయతో ఉన్న కొమ్మను తెచ్చి, చెప్పినవారికే చూపించి, అదేనా అని అడగండి. ఎవరైనా తెలియని ఆకో గింజో తిని జబ్బుపడితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ మొక్క కొమ్మ ఒకటి సంచిలో వేసుకోండి. డాక్టరుగారికి తెలుగు రాకపోవచ్చు, మీకు ఆ మొక్క మరాఠీ పేరు తెలియకపోవచ్చు. ఎదురుగా ఆ కొమ్మే ఉంటే పేరు కోసం వెతుక్కునే పని ఉండదు.